ఉదయం ఐలవ్వ, మధ్యాహ్నం ఐలవ్వ

ఆ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విభాగం పెట్టి ముప్పయి రెండేళ్లయింది. అందులో ఆరుగురు ఆచార్యులు, రెండు సత్యాలు ఉండేవి. ముగ్గురేమో భాష మనిషి తలకాయలో ఉంటుందని నమ్మేవారు. తలకాయలో ఉన్నంతసేపూ అది నిర్మలంగా ఉంటుందట. నోట్లోంచి బయటికి వచ్చేసరికి దగ్గూ, తొందరా, మతిమరుపూ అంటుకుని పాడైపోతుందట. కాబట్టి భాష సంగతి తేలాలంటే మనుషుల మాటలు వినకూడదు, "ఇట్లా అనవచ్చునా, అనకూడదా" అని అడిగి ఊరుకోవాలి. వీరు అంతర్వాదులు. మిగతా ముగ్గురూ నోట్లోంచి బయటపడ్డాకే అది భాష అనేవారు. తలకాయలో ఏముందో ఎవడు చూశాడు, అడిగితే మనిషి గొప్పలు చెబుతాడు, కాబట్టి ఏమరుపాటున ఉన్నప్పుడు మాటల్ని పట్టుకోవాలన్నది వీరి వాదం. వీరు బహిర్వాదులు.

ఈ రెండు వర్గాలకూ ఉప్పూ నిప్పూ. అంతర్వాదులు పదిన్నరకు టీ తాగితే బహిర్వాదులు పదకొండుకు తాగేవారు. ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లేవారు కాదు. మొహమాటానికి వెళ్లినా అక్షింతలు వేసి వచ్చేసేవారే తప్ప భోజనానికి కూర్చునేవారు కాదు.

అయినా ఇన్నేళ్లూ పెద్ద గొడవ లేకుండానే గడిచిపోయింది. ఎందుకంటే ఏ వర్గం వారికీ మాట్లాడే మనిషితో పని పడలేదు. పుస్తకాల్లో ఉన్న వాక్యాలను తమ పుస్తకాల్లోకి ఎక్కించుకుంటూ హాయిగా ఉన్నారు. అంతలో పైనుంచి ఒక పరిశీలక సంఘం దిగింది. అందులో ఒక పెద్దాయన, వచ్చినందుకు ఏదో ఒకటి అడగాలి కదా అని, "అన్నీ బాగున్నాయి గానీ, ఈ భాష మాట్లాడేవాళ్లు ఎక్కడున్నారు?" అన్నాడు. ఆచార్యులు ఆరుగురూ పుస్తకాల బీరువాలు చూపించారు. ఆయన తన నివేదికలో "విభాగమున వక్తల కొరత కలదు" అని రాసిపెట్టి పోయాడు.

కొరత అన్నాక పోస్టు పడాల్సిందే. నెల తిరక్కుండా రిజిస్ట్రార్ దండపాణి గారి సంతకంతో ప్రకటన వెలువడింది. "మాతృభాషా వక్త, ఒకటి. అభ్యర్థి పుట్టుక నుండి భాషను మాట్లాడుచుండవలెను. భాషయందు కనీసము నలభై సంవత్సరముల అనుభవము ఉండవలెను. వ్యాకరణము చదివియుండరాదు. భాషను తల్లి వద్దనే నేర్చినట్లు సదరు తల్లి వేలిముద్రతో ధ్రువపత్రము జతపరచవలెను."

ఇన్ని అర్హతలూ ఉన్న మనిషి ఆ ఆవరణలో ఒక్కతే దొరికింది. ఆమె పేరు ఐలవ్వ. వయసు నలభై ఎనిమిది. ఆడపిల్లల హాస్టలు వంటింట్లో పదకొండేళ్లుగా రోజుకూలీ మీద ఉల్లిగడ్డలు కోస్తోంది. తల్లి ఇంకా బతికే ఉంది, వేలిముద్ర వేసింది.

ఐలవ్వకు భాష మీద మోజేమీ లేదు. ఆమెకు కావలసింది పర్మనెంటు. అది కూడా జీతం కోసం అనుకుంటే పొరపాటు. ఎండాకాలం సెలవులు రాగానే రోజుకూలీ వాళ్లను పొమ్మంటారు. జూన్ వచ్చిందంటే మళ్లీ వార్డెన్ తలుపు దగ్గర నిలబడాలి. లోపలి నుంచి "రా" అన్నదాకా నిలబడాలి. ఒక్కోసారి పూట, ఒక్కోసారి మూడు రోజులు. పదకొండు జూన్లు అలా నిలబడ్డాక, పన్నెండో జూన్‌ను తలుచుకోవడం కూడా ఆమెకు ఇష్టం లేదు. ఈ కొత్త పోస్టుకు ఏడాది ప్రొబేషను. ఏడాది చివర అంతర్వాదుల పెద్ద, బహిర్వాదుల పెద్ద ఇద్దరూ "ఈమె మాతృభాషా వక్తయే" అని సంతకాలు పెడితే పర్మనెంటు. రెండే రెండు సంతకాలు, అంతకన్నా ఏం కావాలి అనుకుంది ఐలవ్వ.

మొదటి రోజు ఉదయం ఆమెను అంతర్వాదుల పెద్ద ఆచార్య పరాంకుశం గారి గదిలో కూర్చోబెట్టారు. ఆయన ఎదుట కాగితాల దొంతర, చేతిలో ఎర్ర సిరా కలం.

"రాజయ్య చూసిన కోతి తిన్న పండు కోసిన అమ్మాయి నవ్వింది," అని చదివారాయన. "అనవచ్చునా, అనకూడదా?"

"ఏం పండు సారూ?"

"అది అప్రస్తుతం."

"గట్లగాదు సారూ. కోతి తిన్నంక మల్ల కోసుడేంది? ముందుగాల పిల్ల కోసిందా, కోతి తిన్నదా?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "వక్త విషయములోనికి ప్రవేశించుచున్నది" అని రాసుకున్నారు. తర్వాత ఓపిగ్గా, "చూడమ్మా, అర్థంతో నీకు నిమిత్తం లేదు. వాక్యం చెవిన పడగానే లోపల ఏదో ఒకటి చప్పున తోస్తుంది. అదొక్కటే నాకు కావాలి," అన్నారు.

"నా లోపట ఆకలైతున్నది సారూ. పొద్దున ఏం తినలే."

వారం తిరిగేసరికి ఐలవ్వకు కిటుకు పట్టుబడింది. ఎవరు, ఎవరితో, ఎందుకు అని అడగకూడదు. వాక్యం వినాలి, "అంటం" అనో "అనం" అనో చెప్పాలి, అంతే. రోజుకు రెండు వందల వాక్యాలు. ఉల్లిగడ్డల కన్నా సుఖమే, కళ్లు మండవు. పైగా దీంట్లో ఒక మర్యాద ఉంది. వంటింట్లో పదకొండేళ్లున్నా ఉప్పు సరిపోయిందా అని ఎవరూ ఆమెను అడిగిన పాపాన పోలేదు. ఇక్కడ ఇంతటి ఆచార్యుడు ఆమె ఒక్క మాట అంటే దాన్ని ఎర్ర సిరాతో రాసుకుంటున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి మొగుడితో ఆ సంగతి పదిసార్లు చెప్పుకుంది.

మధ్యాహ్నం పూట బహిర్వాదుల వంతు. వారి పెద్ద ఆచార్య వనమాల గారు ఐలవ్వ మెడలో తాళిబొట్టు పక్కనే ఒక చిన్న రికార్డరు వేలాడదీశారు.

"ఇక మాట్లాడు. నాతో కాదు. నేను లేననుకో. ఇది కూడా లేదనుకో. రోజుకు నాలుగు వేల మాటలు రావాలి."

"ఎవలతోని మాట్లాడాలె మేడం?"

"సహజంగా, ఎవరితోనైనా."

"అర్రల ఎవలు లేరు గద."

"దాన్ని కూడా సహజంగానే తీసుకో."

బహిర్వాదుల శాస్త్రంలో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వక్తకు తన మెడలో యంత్రం ఉన్నట్టు గుర్తుండకూడదు. గుర్తుంటే మాట చెడుతుంది. అందుకని వారొక రిజిస్టరు పెట్టారు. ఐలవ్వ రోజూ మధ్యాహ్నం రెండూ పదికి దాంట్లో "నా మెడలో యంత్రమున్న సంగతి మరచితిని" అన్న వాక్యం కింద వేలిముద్ర వేయాలి. ఒకరోజు మరిచిపోయి ఆ వేలిముద్ర వేయలేదు. మరచినట్లు రుజువు లేదని ఆ రోజు మాటలన్నీ కొట్టేశారు.

నాలుగు వేల మాటలంటే మాటలా. ఐలవ్వ మొదట గోడతో మాట్లాడింది, తర్వాత కిటికీ మీది పావురాలతో, తర్వాత తిరగని ఫ్యానుతో. అవి అయిపోయాక యంత్రాన్ని ఇంటికి తీసుకుపోవడానికి అనుమతి దొరికింది. ఇంట్లో మొగుడున్నాడు కాబట్టి మాటలకు కరువు లేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

ఆమె మొగుడు ఓదెలు బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తాడు. అంతకు ముందు పద్నాలుగేళ్లు మహారాష్ట్ర పోయి భివండిలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి వచ్చాడు. ఈ సంగతి తెలియగానే పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పద్నాలుగేళ్లు పరభాషలో మునిగినవాడు పొద్దస్తమానం చెవిలో మాట్లాడుతుంటే వక్త అంతరంగం ఏం కావాలి? రేపు "అంటం" అన్నప్పుడు ఆ అనేది ఐలవ్వో, భివండో ఎవరు చెప్పాలి? దాంపత్య సంభాషణ తక్షణం నిలిపివేయాలని ఆయన లేఖ రాశారు. వనమాల గారు అదే రోజు ఇంకో లేఖ రాశారు. దాంపత్య సంభాషణ వారానికి ఆరు గంటలకు తగ్గరాదని, అందులో కనీసం రెండు కలహాలు ఉండాలని దాని సారాంశం.

రిజిస్ట్రార్ దండపాణి గారు ఎవరినీ నొప్పించే మనిషి కాదు. రెండు లేఖలూ పక్కపక్కన పెట్టుకుని, రెంటినీ ఆమోదిస్తూ ఒకే ఉత్తర్వు ఇచ్చారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, వక్త తన భర్తతో యథేచ్ఛగా సంభాషించవచ్చును. అయితే సదరు భర్త ప్రత్యుత్తరమీయరాదు. కలహ సందర్భమున భర్త తల ఊపుటకు అభ్యంతరము లేదు."

ఉత్తర్వు విని ఓదెలు సంబరపడ్డాడు. "అరే, గవుర్మెంటే నోరు మూసుకోమన్నదంటే ఇంతకన్న ఏం గావాలె. ఇరవై ఆరేండ్ల సంది నేనేమంటే అది తప్పేనాయె," అన్నాడు. అదే ఆఖరి మాట.

నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐలవ్వ మాట్లాడేది, ఓదెలు తల ఊపేవాడు. అయిదో రోజు ఆమెకు కోపమొచ్చి, "నీ నోట్ల మన్నువడ, ఏదన్న ఒక్కటి అనరాదూ," అంది. ఆయన తల ఊపాడు. పదో రోజుకు, మనిషి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటుంటే ఇల్లంతా ఖాళీగా అనిపించసాగింది. ఆయన మీద ఆమెకు ఎంత ప్రేమ ఉందో ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ తట్టలేదు, ఇప్పుడు తట్టింది. అయినా పళ్లబిగువున ఊరుకుంది. ఇంక తొమ్మిది నెలలే గదా, పర్మనెంటయ్యాక తిరిగి మాట్లాడుకోవచ్చు అని ఆయనకు చెప్పింది. ఆయన దానికీ తల ఊపాడు.

ఆరో నెలలో బాంబు పడింది. పరాంకుశం గారి శిష్యుల్లో ఒకడు, వనమాల గారి శిష్యుల్లో ఒకడు ఒకే గదిలో అద్దెకుండేవారు. వాళ్ల కాగితాలు గాలికి ఎగిరి కలిసిపోయాయి. కలిసిపోయిన కాగితాలు విడదీస్తుంటే ఘోరం బయటపడింది. "భార్య భర్తను ఉద్దేశించి 'నీ నోట్ల మన్నువడ' అనవచ్చునా" అన్న ప్రశ్నకు ఐలవ్వ ఒక ఉదయం "అనం సారూ, తప్పుగద" అని చెప్పి ఉంది. అదే ఐలవ్వ ఆ మాటను మొగుడితో ఒక్క నెలలో నూట పన్నెండు సార్లు అన్నట్టు యంత్రం చెబుతోంది.

లోకంలో ఇంకెక్కడైనా అయితే నవ్వి ఊరుకుందురు. అది విశ్వవిద్యాలయం కాబట్టి విచారణ సంఘం వేశారు. సంఘం ఐలవ్వను పిలిచింది.

"అనమని చెప్పితివి. అంటివి. ఈ రెంటిలో ఏది సత్యము?" అని దండపాణి గారు అడిగారు.

"రెండూ నిజమే సారూ. అనొద్దు. గానీ అంటం. మొగడు గద సారూ, ఇంకెవలనంటం?"

సంఘం దీర్ఘంగా ఆలోచించింది. పరాంకుశం గారు అనమన్న ఐలవ్వే అసలైనదని, మధ్యాహ్నం మాట్లాడేది అలసిపోయిన ఐలవ్వ అని వాదించారు. వనమాల గారు అన్న ఐలవ్వే అసలైనదని, ఉదయం మాట్లాడేది బెదిరిపోయిన ఐలవ్వ అని వాదించారు. మూడు రోజులు వాదించుకున్నా ఒక్కరూ మెట్టు దిగలేదు. చివరికి దండపాణి గారు ఎవరినీ నొప్పించకుండా తేల్చేశారు. ఒకే మనిషికి రెండు సత్యాలు ఉండడానికి నిబంధనలు ఒప్పుకోవు. సత్యాలు రెండున్నాయని ఇద్దరు ఆచార్యులూ రుజువు చేశారు. కాబట్టి మనుషులే ఇద్దరు.

మర్నాడు ఐలవ్వకు రెండు గుర్తింపు కార్డులు వచ్చాయి. ఒక దాని మీద "ఐలవ్వ (ఉదయం)" అని, ఇంకో దాని మీద "ఐలవ్వ (మధ్యాహ్నం)" అని రాసి ఉంది. రెంటికీ వేర్వేరు ఫోటోలు తీశారు. రెండు కుర్చీలు, రెండు హాజరు పట్టీలు, రెండు నీళ్ల గ్లాసులు ఏర్పాటయ్యాయి. ఉదయం ఐలవ్వ తాను విన్న వాక్యాలను మధ్యాహ్నం ఐలవ్వకు ఎట్టి పరిస్థితిలోనూ తెలియనీయరాదని ఇద్దరి దగ్గరా విడివిడిగా వేలిముద్రలు తీసుకున్నారు. ఒంటిగంట నుంచి రెండింటి దాకా భోజన విరామం కాబట్టి ఆ గంటసేపు ఆమె ఎవరూ కాదని గేటు దగ్గరి కాపలా మనిషికి రాతపూర్వకంగా తెలియజేశారు.

ఒకరోజు ఐలవ్వ అన్నం గిన్నె ఉదయం గదిలో మర్చిపోయింది. భోజనం గంటసేపూ ఆ గదికి తాళం ఉంది, తీసేసరికి రెండు దాటింది. లోపలికి పోబోతే ఆ గదిలోకి మధ్యాహ్నం ఐలవ్వకు ప్రవేశం లేదని ఆపారు.

"గిన్నె నాదే సారూ," అంది.

"మీదని రుజువేమిటి? దాన్ని తెచ్చినది ఉదయం వక్త. మీరు దరఖాస్తు పెట్టుకోవాలి," అన్నారు దండపాణి గారు. మనిషి మర్యాదస్తుడు, కార్డు రెండోది వచ్చినప్పటి నుంచి ఆమెను "మీరు" అంటున్నాడు.

దరఖాస్తు పెట్టింది. దాన్ని ఆయన "అభిప్రాయము నిమిత్తము" ఉదయం ఐలవ్వకు పంపారు. మర్నాడు తొమ్మిదింటికి ఐలవ్వ వచ్చి, తన దరఖాస్తు తనే తీసుకుని, తనకేమీ అభ్యంతరం లేదని తనే వేలిముద్ర వేసింది. ఆ కాగితం తిరిగి రిజిస్ట్రార్ కార్యాలయం చేరి, అక్కడి నుంచి మధ్యాహ్నం ఐలవ్వకు వచ్చేసరికి చింతకాయ తొక్కు కలిపిన అన్నం పులిసి బూజు పట్టింది. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్లి, గిన్నె తోముతూ, ఈ ఇద్దరిలో ఎవరు ఆకలితో పడుకున్నారో చెప్పమని ఓదెలును అడిగింది. ఓదెలు ఈసారి తల కూడా ఊపలేదు. గిన్నె తన చేతిలోకి తీసుకుని తోమాడు.

మార్చి వచ్చింది. ప్రొబేషను ముగిసింది. పోస్టు ఒకటే, అభ్యర్థులు ఇద్దరు. పర్మనెంటు ఎవరికివ్వాలన్నది తేల్చడానికి ఇంటర్వ్యూ పెట్టారు. ఐలవ్వ ఉతికిన చీర కట్టుకుని, జేబురుమాలులో రెండు కార్డులూ చుట్టుకుని వచ్చింది.

మొదట ఉదయం ఐలవ్వను పిలిచారు. అయిదు వాక్యాలు చదివారు. మూడు అంటం, రెండు అనం. వెళ్లమన్నారు. ఆమె ఎడమ తలుపు గుండా బయటికి పోయి, వరండా చుట్టి, కుడి తలుపు దగ్గర నిలబడింది. లోపలి నుంచి పిలుపు రావడానికి పావుగంట పట్టింది, ఎందుకంటే మొదటి అభ్యర్థి గుణదోషాలు చర్చించాలి కదా. మెడలో యంత్రంతో మధ్యాహ్నం ఐలవ్వ లోపలికి వచ్చింది.

"మీకంటె ముందు వచ్చిన అభ్యర్థిని తోసిపుచ్చి ఈ ఉద్యోగం మీకే ఎందుకు ఇయ్యవలెనో వివరించండి," అన్నారు దండపాణి గారు.

ఐలవ్వ రెండు కార్డులూ బల్ల మీద పెట్టింది. తర్వాత ఏడాది నుంచి ఆగిన మాట అంతా ఒక్కసారి వచ్చింది.

"ఆమెను తోసెయ్యకుండ్రి సారూ, ఆమె గూడ నేనే. నాకు రెండు నౌకర్లు ఒద్దు, ఒక్కటి జాలు. పదకొండేండ్లు మీ పిల్లలకు ఒండిపెట్టిన. పెద్ద పరీక్షలప్పుడు తినకపోతే బతిలాడి తినవెట్టిన. ఎండకాలం రాంగనే పో అంటరు, పోత. వానకాలం రాంగనే వార్డెన్ సారు తలుపుకాడ నిలవడాలె. లోపట ఫ్యాను తిరుగుతది, సారు ఫోన్ల మాట్లాడతడు, నేను కనవడ్డా కనవడనట్టే. సొంతింట్ల గూడ నా మొగడు నాతోని మాట్లాడక తొమ్మిది నెల్లాయె. గదిగూడ మీ నౌకరికే ఓర్సుకున్న. నాకేం పెద్ద కుర్చీ వద్దు సారూ. మల్ల జూన్‌ల ఆ తలుపుకాడికి పోకుంట చేస్తే చాలు. కాళ్లు గుంజుతున్నయని గాదు. ఇజ్జతి పోతున్నది. ఇగ నాకు నిలవడ చాతగాదు."

ఆమె కళ్ల నీళ్లు తుడుచుకుంది. మెడలో యంత్రం ఉన్న సంగతి ఏడాదిలో మొదటిసారి నిజంగా మర్చిపోయింది. వేలిముద్ర మాత్రం ఎవరూ అడగలేదు.

పరాంకుశం గారు అలవాటు కొద్దీ ఒక్కో వాక్యానికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకుంటూ వచ్చి, చివరి దాకా చేరి, కలం కింద పెట్టారు. "ఒక్క వాక్యాన్ని కూడా కాదనలేం. ఏడాదిలో ఇంత నిర్దుష్టమైన నిర్మాణం నాకు తగల్లేదు," అన్నారు. వనమాల గారు, "ఏడాదిలో ఇంత సహజమైన ప్రసంగం మాకూ రాలేదు," అన్నారు. ఇద్దరూ ముప్పయి రెండేళ్లలో మొదటిసారి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు.

ఐలవ్వ కొంగు సర్దుకుంది. రెండు సంతకాలూ అయిపోయినట్టే అనుకుంది.

"కానీ," అన్నారు పరాంకుశం గారు.

"అవును, కానీ," అన్నారు వనమాల గారు.

ఆ కానీ ఏమిటంటే, ఆమె ఉద్యోగం కావాలని మాట్లాడింది. కోరిక పెట్టుకుని మాట్లాడిన మాటలో అంతరంగం ఎంత, అవసరం ఎంత అని విడదీయడం సాధ్యం కాదని పరాంకుశం గారు వివరించారు. ఎదుటివాణ్ని ఒప్పించాలని మాట్లాడేవారు ఏమరుపాటున ఉన్నట్టు కాదని వనమాల గారు వివరించారు. వక్త అనేవారు మాట్లాడాలి గానీ ఏదో కావాలని మాట్లాడకూడదు. ఈ ఒక్క అంశం మీద రెండు వర్గాలకూ రవ్వంత తేడా కూడా లేదని తేలింది. ఇద్దరూ ఒకే కాగితం మీద, ఒకే కలంతో సంతకం పెట్టారు. ఆ సాయంత్రం పదకొండు మంది శిష్యులతో సహా అందరూ కలిసి ఒకే వేళకు టీ తాగారు. కొందరు కళ్లు ఒత్తుకున్నారు.

దండపాణి గారు ఐలవ్వను పిలిచి ఉత్తర్వు చదివి వినిపించారు. "ఉభయ అభ్యర్థులును కోరిక కలిగి మాట్లాడినందున, తగిన వక్త లభించలేదని నిర్ణయించడమైనది." తర్వాత కళ్లజోడు తీసి, "అయినా మీ వల్ల విభాగం ఏకమైంది. ఇది చిన్న సంగతి కాదు," అని ఆమెను అభినందించారు. రెండు కార్డులూ తిరిగి తీసుకుని, ఇద్దరికీ విడివిడిగా రసీదులు ఇచ్చారు.

ఇంటికి వెళ్లేసరికి ఓదెలు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆమె ముఖం చూసి లేచాడు. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఇగ మాట్లాడొచ్చు," అంది ఐలవ్వ.

ఓదెలు నోరు తెరిచాడు. తొమ్మిది నెలలుగా దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి, ఏదీ నోటికి రాలేదు. చివరికి, "అన్నం తిన్నవా?" అన్నాడు. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి భోరుమని ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని, పరాంకుశం గారినీ వనమాల గారినీ భివండిలో నేర్చిన భాషలో చాలాసేపు తిట్టాడు.

జూన్‌లో ఐలవ్వ వార్డెన్ తలుపు దగ్గర నిలబడింది. ఈసారి రెండు రోజులు. ఉల్లిగడ్డలు కోయడానికి మళ్లీ తీసుకున్నారు.

డిసెంబరులో ఆ విశ్వవిద్యాలయం జాతీయ సదస్సు జరిపింది. అంతర్వాదులూ బహిర్వాదులూ కలిసి సమర్పించే తొలి పత్రం కాబట్టి దేశం నలుమూలల నుంచి మూడు వందల మంది పండితులు వచ్చారు. పత్రం పేరు "కోరికా వాక్యములు: ఒక సమన్వయము". భోజనాల హాలు మరమ్మతులో ఉండడంతో సదస్సు హాలు వెనకే బల్లలు వేసి వడ్డన ఏర్పాటు చేశారు. పప్పు గంగాళం దగ్గర ఐలవ్వను పెట్టారు. ప్రసంగం ముగిసేదాకా వడ్డించేవారు కదలకుండా, చప్పుడు చేయకుండా నిలబడాలని దండపాణి గారు స్వయంగా చెప్పి వెళ్లారు. పదింటికి నిలబడ్డది ఒంటిగంట దాటినా ప్రసంగం సాగుతూనే ఉంది.

"ఇప్పుడు మూల ధ్వనిని వినిపిస్తాం," అన్నారు వేదిక మీంచి వనమాల గారు.

స్పీకర్లలోంచి ఐలవ్వ గొంతు వచ్చింది. ఇజ్జతి పోతున్నది. ఇగ నాకు నిలవడ చాతగాదు.

హాలంతా ఊపిరి బిగబట్టి వింది. పరాంకుశం గారు చివరి వాక్యాన్ని మళ్లీ వేయించారు. ఇగ నాకు నిలవడ చాతగాదు. మూడోసారి వేయించి, చాతగాదు అన్నచోట గొంతు ఎంత కిందికి దిగిందో తెర మీద గీతలో చూపించారు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక తెల్లగడ్డం పండితుడు లేచి, "అద్భుతం. ఈ వక్త ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాడు. వేదిక మీద ఇద్దరు ఆచార్యులూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. "ఆ సమాచారం మా దగ్గర నమోదు కాలేదు," అన్నారు పరాంకుశం గారు విచారంగా.

పప్పు గంగాళం దగ్గర ఐలవ్వ గరిటె కింద పెట్టింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. వరసల మధ్య నుంచి నడిచి ముందుకు వెళ్లింది. ముందు వరసలో గౌరవ అతిథుల కోసం ఉంచిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. దాంట్లో కూర్చుంది.

దండపాణి గారు కంగారుగా వచ్చి, వంగి, ఆమె చెవి దగ్గర, "అమ్మా, ఇది పెద్దల కోసం ఉంచిన కుర్చీ," అన్నారు.

"ఎరుకే సారూ. నా మాటనే గద అది. కూసోని ఇంట," అంది ఐలవ్వ. తర్వాత వేదిక వైపు చూసి, "ఇంకోపాలి వెయ్యిండ్రి మేడం," అంది.

నిబంధనల్లో దీనికి ఏర్పాటు లేదు. పండితులు మూడు వందల మందీ ఆకలితో వెనక్కి తిరిగి పప్పు గంగాళం వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. ఐలవ్వ వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంది.